వెలుతురు పడితే పేలుతుంది

"ఉయ్యూరు పంచదార లోడు దిగిందా?" ఫోన్లో చీఫ్ గొంతు.

"తడిసిందండీ," కోడ్ ప్రకారం జవాబిచ్చాడు ఏజెంట్ ఆమోసు. 1974. గన్నవరం గెస్ట్‌హౌస్‌లో బట్లర్ వేషం.

"విను. డాక్టర్ వెంకటసుబ్బారావు గారి నీలం ఫిల్ము ముక్క కాజేసి శత్రువులు బాంబుకి ట్రిగ్గర్‌గా బిగించారు. బాంబు హాల్లోనే ఉంది. వాళ్ల మనిషి ఫ్యూజు పీకిస్తాడు, చీకట్లో దాని ముసుగు తీసి పోతాడు. మళ్లీ లైటు వెలిగిందా, డాక్టరుగారితో సహా అందరూ ఫినిష్! అతిథుల్లో ఒకరు డబుల్ ఏజెంట్. ఎవరో తెలీదు."

అంతలోనే కరెంటు పోయింది.

ఆ ఫిల్ము సంగతి ఆమోసుకి తెలుసు. ఇందాకే డాక్టరుగారు సినిమాతారలా వెలిగిపోతున్న మద్రాసు రిపోర్టర్ మిస్ సంపూర్ణకి ఆ ఫిల్ము సంగతి మురిసిపోతూ చెప్పారు. కార్బన్, నైట్రోజన్ పరమాణువులు ఉంగరంలా చుట్టుకున్న పదార్థమట. చీకట్లో కరెంటుని పోనివ్వదు. వెలుతురు సోకితే ఎలక్ట్రాన్లు పరుగందుకుంటాయి. ఆ ప్రయోగం కోసమే హాలంతా నల్ల కర్టెన్లు కట్టారు.

ఆమోసు హాలు వైపు పరుగెత్తాడు. గుమ్మంలో ఎవడో అతన్ని తోసుకుంటూ బయటికి పోయాడు. ముసుగు తీసేశాడన్నమాట! డబుల్ ఏజెంట్ జారుకోకుండా ఆమోసు లోపలికి దూరి తలుపుకి తాళం వేశాడు.

"వంటింట్లో గ్యాసు లీకైందండీ. అగ్గిపుల్ల గీయకండి. దయచేసి కదలకండి."

ఎవరో వచ్చి తలుపు లాగి చూశారు. చీకట్లో ఎవరో తెలియలేదు. సెంటు వాసన మాత్రం గుప్పుమంది. ఏం లాభం, ఆ సాయంత్రం ఆడా మగా అందరూ సెంటు పూసుకునే వచ్చారు.

తలుపు వేశాడు సరే, తనూ లోపలే ఉన్నాడు. లోపల చిక్కిన తోడుదొంగ కోసం ఆగే రకాలు కారు వాళ్లు. ఏ క్షణమైనా లైటు వెలగొచ్చు. ఆమోసు నేలమీద పాకుతూ కుర్చీల కింద తడిమాడు.  ఇంటి దగ్గర పెళ్లాం శౌరమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

డాక్టరుగారి కుర్చీ కింద బాంబుమీది ఫిల్ము చల్లగా, నున్నగా వేళ్లకి తగిలింది. రెండు అరచేతులూ గట్టిగా కప్పి, దానిమీద బోర్లా పడ్డాడు.

లైటు వెలిగింది.

బాంబు పేలలేదు. దీపాలవేళ బల్బు వెలిగితే చేతులు వాటంతటవే లేస్తాయి కదా. డాక్టరుగారు, రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ రత్తయ్య, అతిథులంతా బల్బుకి దణ్ణం పెట్టారు.

ఒక్క మిస్ సంపూర్ణ మాత్రం సోఫా కింద దూరి, చేతులతో తల కప్పుకుని ఉంది.

"లైటు వెలిగితే అంత భయమేమండీ?" కింద నుంచే అడిగాడు ఆమోసు. "బాంబుందని నేనెవరికీ చెప్పలేదే! రత్తయ్యగారూ, ఆవిణ్ణి పట్టుకోండి!"

రత్తయ్య ఒక్క అంగలో వెళ్లి ఆమె రెక్క పట్టుకున్నాడు.

డాక్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అదేమిటోయ్, దణ్ణం నువ్వూ పెట్టలేదుగా?"

"చేతులు ఖాళీ లేవండీ," అన్నాడు ఆమోసు ఏడుపు గొంతుతో. "ముందా లైటు ఆర్పించండి, మీకు పుణ్యముంటుంది!"