నల్లా బందు పెట్టిందెవరు?

కట్టమ్మ శవం దవాఖాన వరండాలో ఉంది. పక్కనే నల్లా. చుక్క రావట్లేదు.

ధర్మసాగర్ రోడ్డు మీది కాలనీ దవాఖాన అది. నీళ్లు లేక డయాలసిస్ ఆగింది. ట్యాంకర్ వచ్చేసరికి ముసలామె పోయింది.

కాలనీకి నీళ్లిచ్చేది ఒక ప్రైవేటు కంపెనీ. వాల్వులు తిప్పేది కంప్యూటర్. మేనేజర్ హరికృష్ణ ఎండాకాలంలో కూడా టై కడతాడు.

"ఇది మర్డర్, మేడమ్," అన్నాడు హరికృష్ణ, ఎస్సై ఆసిమాతో. "చేసింది ఎల్లస్వామి. వాల్వులు తిప్పే పాత ప్రోగ్రాం కోబాల్ భాషలో రాసింది ఆయనే. మేం దాన్ని మెషిన్‌తో జావాలోకి మార్చి, ఆయన్ని ఇంటికి పంపినం. పోతూ పోతూ గేటు కాడ ఏమన్నడో తెలుసా?"

"ఏమన్నడు?"

"మీ నోట్లె నీళ్లు పోసేటోడు కూడ ఉండడన్నడు."

ఎల్లస్వామి అప్పటికే లాకప్‌లో ఉన్నాడు.

"అన్నవా, కాకా?" అడిగింది ఆసిమా.

"అన్న."

"కోడ్‌ల ఏమన్న బాంబు పెట్టినవా?"

"వాళ్లకు బాంబెందుకు బిడ్డా? వాళ్లే సాలు."

సాయంత్రంలోగా ఆయన మీద మర్డర్ కేసు రాయమని పైనుంచి ఫోన్.

ఆసిమా కాలనీ అంతా తిరిగింది. ఏ ఇంట్లోనూ నీళ్లు లేవు. చివరన ఖాళీ ప్లాట్లు. కనెక్షన్ ఎప్పుడో రద్దయిన పైపుల్లోంచి నీళ్లు పారుతున్నాయి. బురదలో బర్రెలు పండుకున్నాయి.

ఇండ్లకు బందు. బర్రెలకు ధార. ఇది పగబట్టినోడి పని కాదు. తలకాయ లేనోడి పని.

అటునుంచి హనుమకొండలోని కంపెనీ ఆఫీసుకు పోయింది. కోడ్ మార్చిన ఇంజినీర్ వినీల్, రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చాడు. ఆమె బూట్ల బురద చూసి ముఖం చిట్లించాడు.

"కడుక్కోండి మేడమ్. కుళాయి అటుంది."

"ఏందటుంది?"

"కుళాయండి."

ఆసిమా ఆ మాట దగ్గరే ఆగింది. హరికృష్ణను, ఎల్లస్వామిని అక్కడికే పిలిపించింది. పాత కోడ్ తెరిపించి, నీళ్లు వదిలే లైను ఎల్లస్వామితో చూపించుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో NALLA అని ఉన్న పేరు మీద వేలు పెట్టింది.

"ఇది చదువు."

"నల్ల, అండి. అంటే బ్లాక్. అందుకే కొత్త కోడ్‌లో బ్లాక్‌లిస్ట్ అని నీటుగా పేరు మార్చాను."

"అది ఉంటే నీళ్లు వదులుమని రాసుంది గద?"

"బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నోళ్లకి నీళ్లేంటండి? పెద్దాయన తప్పు రాశారనుకుని తిప్పేశాను. ఉంటే బంద్, లేకపోతే వదులు."

"ఎవలన్న చూసిండ్రా?"

"మెషిన్ చూసిందండి. టెస్టులన్నీ గ్రీన్, పాస్."

"అది నల్ల కాదు. నల్లా. మీ కుళాయి. నల్లా ఉన్న ప్రతి ఇంటికీ బందు పెట్టినవ్. దవాఖానక్కూడ."

వినీల్ స్క్రీన్ మీది పేరు మళ్లీ చదివాడు.

ఆసిమా హరికృష్ణ వైపు తిరిగింది. "నువ్వు ఈ ఊరోనివే గద. చదవలే?"

"నేను మేనేజర్‌ని మేడమ్. కోడ్ చదవను."

"అయితే నీ పేరు కేసుల చదువుకో. ఇద్దరూ జీపెక్కుండ్రి."

హరికృష్ణ టై వదులు చేసుకున్నాడు. "కాకా, జర నీళ్లు వదిలి పో. కాలనీ ఎండుతాంది."

ఎల్లస్వామి కూర్చుని పాత ప్రోగ్రాం నడిపించాడు. కాసేపటికి దవాఖాన నుంచి ఫోన్. నీళ్లొచ్చాయి.

బయటికి నడుస్తూ వినీల్ ఆగాడు. "కొంచెం మంచినీళ్లు..."

ఎల్లస్వామి లేచి కండువా దులుపుకున్నాడు.

"అటుంది పో," అన్నాడు. "కుళాయి."