ఊపిరాడని సముద్రం

ప్రొఫెసర్ దగ్గర పనిచేసే ప్రోగ్రామర్‌ని లిఫ్టులో కాల్చేశారు. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి చీఫ్ తన ఏజెంటుకి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"పది కోట్ల ఏళ్ల నాటి సముద్రాన్ని ఆ ముసలాయన కంప్యూటర్లో నడిపిస్తున్నాడు. తీరం వెంట గాలి వీచి పైనీళ్లను పక్కకి తోసేస్తే, కింది చల్లటి నీళ్లు మేత మోసుకుని పైకొస్తాయి. అక్కడ సూక్ష్మజీవులు తెగ పెరిగి, చచ్చి, ఆక్సిజన్ లేని అడుక్కి దిగుతాయి. అందుకే పూర్తిగా కుళ్లవు. ఆ నల్లబురదే తర్వాత చమురు. అదెక్కడుందో మోడల్ చెబుతుంది."

"ఎవరికి కావాలి?"

"విదేశీ ముఠాకి. మధ్యాహ్నం కాపీ చేస్తారు. అది అయ్యాక ముసలాయన్ని బతకనివ్వరు. ముఠాలో మన మనిషి ఉంది, దొరసాని. ఆమెని గుర్తుపట్టే కోడ్ మాట గుర్తుందిగా?"

ఏజెంటుకి లాభనష్టాలు చూడందే కాలు కదపడం చేతకాదు. ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో ప్రొఫెసర్ సర్వర్ రూమ్‌కి వెళ్లి, తలుపు నుంచి గోడమీది ఎర్ర లీవరు దాకా అడుగులు లెక్కపెట్టాడు. తొమ్మిది. లీవరు లాగితే కరెంటు పోతుంది, మంటలార్పే గ్యాస్ గదంతా నిండి ఊపిరాడదు. సంచిలో ఆక్సిజన్ మాస్కు ఒక్కటే ఉంది.

"టీ తాగావా నాయనా?" అన్నాడు ప్రొఫెసర్, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత దొరసాని. ఏజెంటు లీవరుకి వీపు ఆనించాడు.

"కింది నీళ్లు చల్లగా ఉన్నాయా?"

"పైకి వస్తున్నాయి." కోడ్ సరిగ్గానే చెప్పింది. పిస్టల్ మాత్రం అతని గుండెకి గురిపెట్టింది. "మీ చీఫ్ కన్నా వాళ్లే నన్ను బాగా చూసుకుంటున్నారు. కదలకు."

రెండో చేత్తో కంప్యూటర్‌కి డ్రైవ్ గుచ్చింది. కాపీ తొంభై శాతం. తొంభై ఆరు.

"ఆ కుర్రాడికి పెళ్లి కుదిరిందమ్మా," అన్నాడు ప్రొఫెసర్.

"లిఫ్టులో అంత టైం లేదండీ, అడగడానికి."

మాస్కు ఒకటి, ముక్కులు మూడు. ఏజెంటు లెక్క తేల్చుకున్నాడు.

తొంభై తొమ్మిది దగ్గర వీపు వెనక లీవరు లాగాడు. స్క్రీన్లు ఆరిపోయాయి. గ్యాస్ బుస్సుమంది. చీకట్లో తూటా అతని భుజాన్ని చీల్చుకుపోయింది. మాస్కుని ముసలాయన మొహానికి అదిమి, ఊపిరి బిగబట్టి, ఆయన్ని తొమ్మిది అడుగులూ ఈడ్చుకొచ్చాడు. తలుపు మూసుకుని బయట గడియ పడింది. లోపల గోళ్లతో గీకుతున్న చప్పుడు. అతను తలుపు తీయలేదు. పిస్టల్లో ఇంకా తూటాలున్నాయి. కాసేపటికి చప్పుడు ఆగింది.

"ఈసారి మాస్కులు మూడు పంపుతాలే," అన్నాడు చీఫ్ ఆస్పత్రిలో.

"రెండు చాలు సార్. మూడోది ఉంటే ఆమెకివ్వాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి."