చల్లబడిన పాయ

అది ఎనభై రెండో సంవత్సరం వేసవి. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఇసుకలో పుచ్చతోట వేసిన మొగిలయ్య, పొద్దు బారెడెక్కాక పాయలో కుండ ముంచి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. రోజూ ఈ వేళకు గోరువెచ్చగా ఉండే నీళ్లు ఇవాళ చల్లగా తగిలాయి. లోతు కూడా నిన్నటికన్నా జానెడు పెరిగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏటి మీద ఒక్క కొంగయినా లేదు.

ఏటేటా వానలు తగ్గి, ఎండలు ముదిరి పాయ బక్కచిక్కిపోతోంది. నీళ్లు ఎటు జరిగితే తోటా అటే జరిగింది. ఈసారి గుడిసె ఏకంగా ఏటి నడుమకు వచ్చేసింది. ఏరు తనకు చోటిచ్చిందనుకున్నాడు, పిచ్చివాడు!

"సోమక్కా, పాయల నీళ్లు పెరిగినయే! తోటకు మంచిగైంది," అని భార్యను కేకేశాడు. గుడిసెలో, ఉయ్యాలలో వాళ్ల పాప నిద్రపోతోంది.

తలెత్తితే తల్లి చిలుకమ్మ ఇసుకలో నడిచి వస్తోంది. మొగిలయ్య తండ్రి కట్టయ్య తోటతో సహా ఇదే ఏట్లో కొట్టుకుపోయిన నాటి నుంచి ఆమె ఇసుకలో కాలు పెట్టలేదు. కొడుకు పండించిన కాయ ముట్టలేదు. ఆ కినుకతోనే తల్లీకొడుకుల మధ్య మాటలు తగ్గాయి.

ఆమె వంగి నీళ్లలో చెయ్యి పెట్టింది. ముఖం పాలిపోయింది.

"ఒడ్డుకు నడువుండ్రి. ఎగువ యాడనో గట్టి వాన వడ్డది. పొద్దుగాల గాలి సల్లగ తగిలింది. ఆనాడు గూడ గిట్లనే."

"పిస లేసిందా అవ్వా? మొగులు మీద మబ్బేది? రేపు లారీ వస్తాంది, కాయ వరంగల్ పోవాలె."

"పోతె పోనియ్యి బిడ్డా."

"ఏడాది తిండిని పోనియ్యాల్నా? నా తోట పచ్చగుంటే నువ్వు ఓర్వవు!"

అన్నాక అతనికే నోరు చేదైంది. చిలుకమ్మ గిరుక్కున తిరిగింది. గుడిసెలోకి వెళ్లి, పాపను కొంగులో చుట్టుకుని ఒడ్డు వైపు పరుగందుకుంది.

"అత్తా! నా బిడ్డ!" సోమక్క ఏడుస్తూ వెంటపడింది. మొగిలయ్య కుండ విసిరికొట్టి, తిట్టుకుంటూ ఇద్దరి వెనకా పరుగెత్తాడు. ఇసుక పైపైన కాలుతోంది, పాదం దిగిన చోట తడిగా ఉంది.

ఒడ్డెక్కి తల్లి చేతుల్లోంచి పాపను లాక్కున్నాడు.

"నువ్వు మనిషివేనా అవ్వా?"

సోమక్క ఏటి వైపు వేలు చూపించింది. మండుటెండలో ఎర్రనీళ్లు చప్పుడు లేకుండా ఇసుకంతా పరుచుకుంటున్నాయి. పుచ్చకాయలు తీగలతో సహా తేలి తిరుగుతున్నాయి. గుడిసె మెల్లగా ఒరిగి నీళ్లలో కూర్చుండిపోయింది.

మొగిలయ్య తల్లి వైపు తిరిగాడు. "పిల్లనెందుకు ఎత్తుకచ్చినవే?"

"నా మాటకు నువ్వు కదలవు. బిడ్డ కోసమన్న ఉరికొస్తవని." చిలుకమ్మ ఏటి వైపు చూసింది. "ఆనాడు మీ నాయిన, 'పోరన్ని తీస్కోని నువ్వు నడువు, నేను ఎనక వస్త' అన్నడు. నమ్మి, నిన్ను సంకనేస్కోని నిమ్మళంగ ఒడ్డెక్కిన. నిన్ను గుంజుకోని గిట్ల ఉరికితె నా ఎంబడి వచ్చేటోడు బిడ్డా. నేనే సంపుకున్న."

ఇన్నేళ్లూ ఆమె లోలోపల ఏం మోసిందో అతనికి అప్పుడు తెలిసింది. పాపను సోమక్క చేతికిచ్చి, తల్లి పాదాల మీద పడి పసివాడిలా ఏడ్చాడు.

"నువ్వు ఎవల్ని సంపలే అవ్వా. నన్ను రెండుసార్లు ఒడ్డుకు తెచ్చినవ్."