మనిషి పొడుగున లేచిన పైరు

హేమంత్‌కుమార్ పరిగెడుతున్నాడు.

మిట్టమధ్యాహ్నం. గట్టంతా బురద. ఒక చెప్పు ఊడిపోయింది... ఆగలేదు.

చేతిలో కొడవలి.

తాడేపల్లిగూడెంలో విత్తనాల కొట్టు వాడిది. గంట క్రితం కొట్లో కాఫీ తాగుతుంటే అచ్చాయమ్మ ఫోన్ చేసింది. తమ చేలో ఒకచోట పైరు ఎత్తుగా లేచిందట. సరిగ్గా పడుకున్న మనిషి పొడుగునట. వచ్చి చూడమంది.

కాఫీ ఒలికిపోయింది.

అది ఆవిడ మనవడు సూర్యతేజ తయారుచేసిన పొట్టి వరి. ఎదిగే హార్మోన్ని తయారుచేసే ఎంజైమ్ ఆ మొక్కలో పనిచెయ్యదు. అందుకే మోకాలిదాకా వచ్చి ఆగుతుంది. తుపానొచ్చినా పడిపోదు. ఆ విత్తనం తనకొక్కడికే ఇమ్మన్నాడు హేమంత్. రైతులందరికీ పంచుతానన్నాడు సూర్యతేజ.

అంతే... పార తిరగేసి ఒక్క దెబ్బ!

శవాన్ని ఆ చేలోనే పడమటి మూల పాతిపెట్టి, పైన మళ్ళీ వరి నాటేశాడు. సూర్యతేజ బైకు కొల్లేరు గట్టున వదిలేశాడు. నలభై రోజులుగా పోలీసులు కొల్లేట్లో వలలేసి వెతుకుతున్నారు. వీడేమో వారం వారం అచ్చాయమ్మ దగ్గరికెళ్ళి, వస్తాడులెండి మామ్మగారూ అని ఓదార్చాడు. ఆవిడ వేసిన పెసరట్లు కూడా తిన్నాడు.

ఆ రోజు కంగారులో పక్కమడిలోని మామూలు నారు పీకి నాటేశాడా?

ఎవరూ చూడకముందే కోసెయ్యాలి!

పడమటి మూల. వంగాడు.

పైరు... పొట్టిగానే ఉంది!

తలెత్తాడు. దూరంగా, తూర్పు గట్టు పక్కన, ఆరడుగుల మేర ఎత్తుగా ఊగుతోంది పైరు. దాని పక్కనే అచ్చాయమ్మ. చేతిలో మందు సీసా.

నింపాదిగా గట్టు మీద నడిచొచ్చింది.

"ఎంజైమ్ లేకపోయినా, హార్మోన్ మనం కొడితే లేస్తుందని మా తేజ చెప్పేవాడండి. కొట్టాను. మీకన్నా ముందు, నాకు అనుమానమున్న ఇద్దరిని పిలిచాను. ఇద్దరూ గట్టు మీద నిలబడి, ఎక్కడండీ అని అడిగారు. మీరు అడగలేదేం బాబూ?"

కొడవలి బిగించాడు. చుట్టూ ఎవరూ లేరు. ఒక్క ముసలిది.

అడుగు వేశాడు.

కాలవ గట్టు వెనక నుంచి హన్నమ్మ లేచింది. కలుపు తీసే ముఠాకి పెద్ద. వెనకాలే ఒకరి తర్వాత ఒకరు... ఇరవై మంది ఆడవాళ్ళు. ఇరవై కొడవళ్ళు.

వాడి కొడవలి బురదలో పడింది.

"పోలీసుల్ని పిలవండి మామ్మగారూ..." ఏడుస్తున్నాడు.

"పిలుద్దాం లెండి." ఆవిడ గొంతు మెత్తగానే ఉంది. "ముందు మా పిల్లాణ్ణి బయటికి తియ్యండి."

వాడు పార కోసం చుట్టూ చూశాడు.

"పార వద్దండి. చేతుల్తో."