ఎన్‌సైక్లోపీడియాలు వద్దు

తలుపు మీద అంతేసి అక్షరాలతో రాసి పెట్టినా చదవని మనిషి పుస్తకాలు ఇవ్వడానికి ఎందుకు వస్తాడో లినియాకి అర్థం కాలేదు.

"బోర్డు చూశారా?" అంది, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"చూశాను." అతని చేతుల్లో పెద్ద అట్టపెట్టె. పెట్టెలో పట్టని ఒక లావుపాటి పుస్తకాన్ని గడ్డంతో నొక్కి పట్టుకున్నాడు. "పాత పుస్తకాలు ఇవ్వండి, వాటి అమ్మకంతో ప్రీస్కూల్‌కి కొత్త హీటర్ కొనిపెట్టండి అని ఉంది."

"దాని కింద?"

"ఎన్‌సైక్లోపీడియాలు వద్దు అని ఉంది."

"మరి అవేమిటి?"

"మా అమ్మమ్మవి," అన్నాడు, ఆ మాటతో లెక్క తేలిపోయినట్టు.

"అందరివీ అమ్మమ్మలవేనండీ! నిరుడు అర్ధరాత్రి ఎవరో మహానుభావులు ఒక సెట్టు గుమ్మంలో వదిలేసి పారిపోయారు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. చివరికి చెత్త బండివాడికి మేమే ఎదురు డబ్బులిచ్చి పంపాం."

"ఇది బడే కదా? జ్ఞానం వద్దంటారా?"

"మా బడి పిల్లలకి నాలుగేళ్లు. జ్ఞానాన్ని అంచుల దగ్గర్నుంచి నముల్తారు."

అతను పడీపడీ నవ్వాడు. గడ్డం కింది పుస్తకం జారి లినియా కాలి మీద పడింది. అలా మొదలైంది.

అతని పేరు సోరెన్. ఉండేది ఎక్కడో ఎడారి సీమలో, ఆరిజోనాలో. కొండ దారిలో నీలం తలుపుల ఇంటి ఆగ్నెస్ గారి మనవడు. ఆవిడ చలికాలంలో పోయింది. ఇల్లు ఖాళీ చేసి అమ్మేసి పోదామని వచ్చాడు. పుస్తకాల అమ్మకం మర్నాడు, ఆదివారం పొద్దున, ఏజెంటు వచ్చి 'అమ్మబడును' అని బోర్డు పాతుతాడట. ఈ కబుర్లన్నీ లినియాకి మోసుకొచ్చింది డార్లీన్ గారు. ప్రీస్కూల్ నడిచే ఆ చర్చి కింది హాల్లో ఏ కార్యక్రమం జరిగినా కాఫీ, కేకు ఆవిడవే. ఊళ్ళో వార్తలూ ఆవిడవే.

మొదటిరోజు పెట్టెతో సహా వెనక్కి పంపేసినా, మర్నాడు సోరెన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పెట్టెలో డిటెక్టివ్ నవలలు, వంటల పుస్తకాలు, చేపల వేట పుస్తకాలు. అన్నీ చక్కగా అమ్ముడుపోయే సరుకు. లినియా సంతోషించి ఒక్కొక్కటే తీసి బల్లల మీద సర్దింది. పెట్టె అడుగున ఎన్‌సైక్లోపీడియా మొదటి సంపుటం పడుకుని ఉంది.

ఆ మర్నాటి పెట్టె అడుగున రెండోది.

"ఏమండీ, ఇదేం దొంగతనం?"

"దొంగతనమా? దొంగలు పట్టుకుపోతారు కదండీ. నేను తెచ్చిస్తున్నాను!"

"ఇవాళే తిరిగి తీసుకెళ్ళిపోండి."

"అలాగే," అనేవాడు బుద్ధిమంతుడిలా. మర్చిపోయినట్టు వదిలేసి వెళ్ళేవాడు. ఆమె కూడా గుర్తు చేయడం మర్చిపోయేది. అలా ఒక్కొక్క సంపుటం మెట్ల కింద వరస కట్టింది. రోజులు గడిచేకొద్దీ 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతను కుంటి బల్లలకి కాళ్ళు బిగించాడు, బరువులు మోశాడు, ఏ పుస్తకం కనబడినా నిలబడి చదవడం మొదలెట్టి ఆమె చేత చీవాట్లు తిన్నాడు.

"బోర్డేమైనా మార్చావా అమ్మాయ్?" అంది డార్లీన్ మెట్ల కిందికి తొంగి చూసి.

"పిల్లలకి సింకు అందడం లేదుగా. ఎక్కి నిలబడ్డానికి పనికొస్తాయని..."

"ఓహో, సింకు కోసమా!" అంది డార్లీన్. నవ్వు దాచుకోవడానికి కాఫీ కప్పు అడ్డం పెట్టుకుంది.

సోరెన్‌తో ఒక్కటే చిక్కు. ఆ ఊరి మర్యాద అతనికి తెలీదు. అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే, "సరే, మీరింతగా అంటున్నారు గనక" అని పుచ్చుకోవాలి. పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క ఉంటే ఎవరూ తీసుకోరు. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు అందులో సగం. సాయంత్రానికి గోరంత ముక్క పళ్ళెంలో బిక్కుబిక్కుమంటూ మిగులుతుంది. సోరెన్ వచ్చిన కొత్తలో డార్లీన్ "కేకు తింటావా బాబూ?" అనగానే "ఓ!" అని ఆ ఆఖరి ముక్క గుటుక్కుమనిపించాడు. హాల్లో వాళ్ళంతా కాఫీ కప్పులు అలాగే పట్టుకుని గుడ్లప్పగించారు.

శుక్రవారం సాయంత్రం సర్దడం పూర్తయింది. బయట సన్నగా వాన. సోరెన్ తలుపు దగ్గర తచ్చాడాడు, టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"రేపు అమ్మకం అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తావా? చేప కాలుస్తాను. నాకు బాగా వచ్చిన వంట అదొక్కటే."

లినియా గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం చిన్నప్పట్నుంచి నేర్చిన మాటే అనేసింది.

"అయ్యో, వద్దులే. నీకెందుకు శ్రమ?"

అని, రెండోసారి అడుగుతాడని ఎదురుచూసింది.

"ఓ... సరే," అన్నాడు సోరెన్. అతని మొహం చిన్నబోయింది. వానలోకి వెళ్ళిపోయాడు.

శనివారం అమ్మకం జోరుగా సాగింది. ఆఖరి గంటలో సంచీ నిండా ఎన్ని పడితే అన్ని, సంచీకి అయిదు డాలర్లు. జనం ఎగబడ్డారు. హీటర్‌కి సరిపడా వచ్చేసిందని తల్లులు చప్పట్లు కొట్టారు. లినియా కూడా కొట్టింది, కళ్ళు మాత్రం తలుపు మీదే. సోరెన్ రాలేదు.

"నిన్న భోజనానికి పిలిచాడు," అంది చివరికి, డార్లీన్ పక్కన కూలబడి.

"నువ్వేమన్నావ్?"

"వద్దన్నాను."

"అతను?"

"సరే అన్నాడు."

"ఖర్మ!" డార్లీన్ నుదురు కొట్టుకుంది. "అతను ఎడారి నుంచి వచ్చిన పిల్లాడే! అక్కడ వద్దంటే వద్దనే! నీ మొహమాటం మండిపోను, రేపు పొద్దున ఆ బోర్డు పాతేస్తే ఇంకెక్కడి సోరెన్, ఎక్కడి చేప?"

"ఇప్పుడు నేనెలా వెళ్ళను? వద్దన్నదాన్ని నేనే కదా! ఏమని వెళ్ళను?"

డార్లీన్ కాఫీ కప్పు పక్కన పెట్టింది. మెట్ల కింద వరస కేసి గడ్డంతో చూపించింది.

లినియా కారు నీలం తలుపుల ఇంటి ముందు ఆగేసరికి వాన జోరందుకుంది. రెయిన్‌కోటు విప్పి పుస్తకాల మీద కప్పి, తను నిలువునా తడిసి, మొదటి పెట్టె మోసుకుంటూ మెట్లెక్కింది. తలుపు తీసిన సోరెన్ నోరు తెరిచాడు.

"ఎన్‌సైక్లోపీడియాలు వద్దని మొదటిరోజే చెప్పాను," అంది లినియా రొప్పుతూ. "తీసుకో. మిగతావి కార్లో ఉన్నాయి."

"ఇదంతా నాకు తిరిగి ఇవ్వడానికా? ఈ వానలోనా?"

"వాటికి మంచి చోటు దొరికింది మరి."

"ఎక్కడ?"

ఆమె అతన్ని దాటుకుని లోపలికి చూసింది. ఖాళీ గదిలో పుస్తకాల అర బోసిగా ఉంది. పై వరసలో ఒకే ఒక్క సంపుటం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆఖరిది.

"అదెందుకు తేలేదు?"

సోరెన్ చెవులు ఎర్రబడ్డాయి. "అది కూడా ఇచ్చేస్తే మళ్ళీ రావడానికి సాకేముంటుంది? నిన్న ఎలాగూ నువ్వు వద్దన్నావు కదా, ఇంక తెచ్చి మాత్రం..."

"నేను వద్దనలేదు!"

"అన్నావు. నా చెవులతో విన్నాను."

"అన్నాను గానీ అనలేదు. ఇక్కడ అలాగే అంటాం. నువ్వు మళ్ళీ అడగాలి. నేను మళ్ళీ వద్దనాలి. అప్పుడు నువ్వు..." వాన నీరో ఇంకోటో బుగ్గల మీంచి జారుతుంటే ఆగింది. "సోరెన్, ఈ ఇల్లు అమ్మొద్దు. ఇవి ఆ అరలోనే ఉండాలి. నువ్వు కూడా ఇక్కడే ఉండాలి. నాకలా కావాలి."

పుట్టి బుద్ధెరిగాక 'నాకు కావాలి' అని తిన్నగా అనడం ఆమెకదే మొదలు. అన్నాక తనకే భయమేసింది.

సోరెన్ పెట్టె అందుకుని కింద పెట్టాడు. ఆమె మొహం మీది తడి జుట్టు నెమ్మదిగా పక్కకి తీశాడు.

"భోంచేసి వెళ్తావా?" రెండోసారి అడిగాడు.

ఊరి మర్యాద ప్రకారం ఇంకోసారి వద్దనాలి. 'అయ్యో' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఉంటాను," అంది లినియా.

ఆదివారం పొద్దున ఏజెంటు బోర్డూ సుత్తీ పట్టుకుని వచ్చాడు. వరండాలో లినియా మిగతా సంపుటాలు తుడుస్తూ కనబడింది. సోరెన్ ఎదురొచ్చి, "కాఫీ తాగుతారా?" అన్నాడు.

"వద్దు వద్దు, పనుంది."

"కాస్త తాగండి."

"అబ్బే, శ్రమ ఎందుకు మీకు?"

"మా కోసం తాగండి."

"సరే, మీరింతగా అంటున్నారు గనక," అని ఏజెంటు కుర్చీలో కూర్చున్నాడు, బోర్డు గోడకి ఆనించి.

సోరెన్ కప్పు అతని చేతికిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు ఇల్లు అమ్మడం లేదని.