గంజి పెట్టిన దారం

శైలజ బండి బల్ల చివరికి చేరగానే ఏడో తరగతి అంతా చప్పట్లు కొట్టింది. ఒక్క అఖిల మాత్రం చేతులు ఒళ్ళోంచి తీయలేదు.

పాత చెప్పులు కోసి చక్రాలు చేసిన బండి అది. ముందు ఒక నూలు దారం, దారం చివర చిన్న రాయి. రాయిని బల్ల అంచు మీదుగా కిందికి వదిలితే, దాని బరువుకు దారం బండిని గుంజుతుంది. అఖిల బండీ అలాంటిదే. కాకపోతే దానికి రంగు కాగితాల సోకు ఎక్కువ. రెండు బండ్లూ నడుమ ఆగి, మళ్ళీ కదిలి, చివరికి చేరాయి. శైలజది రవ్వంత ముందు.

"బలం అంటే ఏందో మీ బండ్లు మంచిగ చూపిస్తున్నయి" అంది స్వర్ణలత టీచర్. "రేపు మధ్యాహ్నం మళ్ళ నడుపుదాం. గెలిచిన బండి నల్లగొండ సైన్స్ ఫెయిర్‌కు పోతది."

అఖిలకు ఒళ్ళు మండిపోయింది. సైన్సులో ఎప్పుడూ తనే ఫస్టు. ఈ శైలజ వచ్చి నెల కాలేదు. వాళ్ళ నాయిన గొర్లను తోలుకుని దేవరకొండ వైపు నుంచి వచ్చాడు. అప్పుడే టీచర్ మెప్పూ దానికే, ఇన్నాళ్ళూ తన పక్కనే కూర్చున్న ప్రణీత దోస్తీ కూడా దానికేనా?

"ఏం చక్రాలే శైలజా, సూపర్!" అంటోంది ప్రణీత. అఖిల వినలేక కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున అఖిల ఇంటి ముందు, మగ్గానికి ఎక్కించే పడుగు నూలు సాగదీసి, అవ్వా బాపూ కుంచెతో గంజి పెడుతున్నారు. నేత ఇళ్ళలో మామూలు పనే. ఎందుకు పెడతారో అఖిల ఎప్పుడూ అడగలేదు. అఖిల గిన్నెలో వేలు ముంచింది. జిగట జిగటగా ఉంది.

'దీన్ని దారానికి పూస్తే బల్లకు అతుక్కుంటది. ఇంక బండి కదలదు!'

"గంజితోటి నీకేం పనే?" అంది అవ్వ.

"ఊకెనే అవ్వా" అంటూ డబ్బీలో కొంచెం పోసుకుంది.

ప్రార్థన బెల్లుకు ముందు క్లాసులో ఎవరూ లేరు. శైలజ బండి అల్మారా మీద ఉంది. రాయి కట్టిన దారం తిన్నగా కిందికి వేలాడుతోంది. అఖిల పైనుంచి కింది దాకా గంజి పూసి బయటికి పరుగెత్తింది.

మధ్యాహ్నం మొదట అఖిల బండి. దారం మీది సన్నటి నూగు బల్ల అంచుకు పట్టుకుని, బండి సగంలోనే ఆగింది. ఈసారి మళ్ళీ కదలలేదు.

తర్వాత శైలజ రాయిని వదిలింది. బండి ఎక్కడా ఆగకుండా జుయ్యిమని దూసుకుపోయింది. టీచర్ పట్టుకోకపోతే కింద పడేదే! అఖిల నోరు తెరిచింది.

టీచర్ దారాన్ని వేళ్ళతో తడిమింది. "ఆరిన గంజి లెక్క ఉంది. మీ ఇంట్ల పడుగుకు గంజి ఎందుకు పెడ్తరే ప్రణీతా?"

"నూగు అణిగి నూలు నున్నగైతది టీచర్. రాసుకోని తెగదు."

"గదే! రాయి అదే, బలం అదే. రాపిడి తగ్గింది, బండి ఉరికింది. ఆ రాపిడినే ఘర్షణ అంటరు. మరి గంజి ఎవరు పెట్టిండ్రు?"

"నేనైతే కాదు. మా ఇంట్ల మగ్గమే లేదు" అంది శైలజ. తర్వాత అఖిల బట్టల మీద ఆరిన గంజి మరక చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. "అఖిలా, నువ్వా? నా కోసం పెట్టినవా?"

క్లాసంతా చప్పట్లు. ఈసారి అఖిలకే! తేలు కుట్టిన దొంగలా నిలబడింది పాపం. ఊ అంటే చాలు, మంచిపేరు వచ్చేస్తుంది. కానీ శైలజ నవ్వును చూస్తూ ఊ అనలేకపోయింది.

"నీ కోసం కాదే" అంది నేల చూస్తూ. "నీ బండి కదలొద్దని పెట్టిన."

చప్పట్లు ఆగిపోయాయి. శైలజ బండి తీసుకుని తన బెంచీకి వెళ్ళిపోయింది. టీచర్ ఫెయిర్ కాగితం మీద శైలజ పేరు రాసింది. అఖిలకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి శైలజ బడి వరండాలో ఫెయిర్ కోసం పొడుగు దారం కడుతోంది. అఖిల గంజి గిన్నె, అవ్వ కుంచె పట్టుకుని వచ్చి, గిన్నె కింద పెట్టింది. ఈసారి అందరూ చూస్తుండగానే.

"కొత్త దారానికి కూడా పెట్టాలె కదా... జర అటు కొస పట్టుకుంటవా?"

శైలజ కుంచె వైపు చూసింది. తర్వాత దారం ఒక కొస అఖిల చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని వెనక్కి జరిగింది.

"గట్టిగ గుంజకు, తెగుతది" అంది.

"నువ్వెంత గుంజితే నేనంతే" అంది అఖిల.

ఇద్దరి నడుమ దారం బిగుతుగా నిలిచింది. అఖిల కుంచెను గంజిలో ముంచింది.