పైకి రాని పెడల్

దారి మీద బళ్లు జానెడు ఎడంతో, గంటకు నూట నలభై కిలోమీటర్ల వేగంతో సాగిపోతున్నాయి. వాటిలో కూర్చున్నవాళ్లు కొందరు నిద్రపోతున్నారు, కొందరు టిఫిన్ తింటున్నారు. బళ్లన్నిటినీ నడిపించే బుద్ధి ఒక్కటే. దాని పేరు దారినేత. అది వచ్చాక విజయవాడ ఆటోనగర్‌లో చేత్తో బళ్లు బాగుచేసే షెడ్డు ఒక్కటే మిగిలింది. అది సువార్తది.

"పన్నెండింటికి తీర్పు ఖాయమవుతుంది. నీ చేతిపని వల్లే నా కొడుకు పోయాడని ఈలోపు తేలాలి," అన్నాడు వామనరావు, గుమ్మంలో నిలబడే.

"లోపలికి రండి మావయ్యగారూ. నా చేతివల్ల పోయాడో, మీ మూసిన నోటివల్ల పోయాడో చూద్దాం," అంది సువార్త. కుర్చీ మాత్రం చూపించలేదు.

ఇద్దరి మధ్యా ఆ కొడుకు, దినకర్ కారు ఉంది. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, కాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చాల్సిన రకం. వెనక భాగం నుజ్జయింది. ముందు భాగం చెక్కుచెదరలేదు. ఇలాంటి బండి దారెక్కాలంటే ప్రతి పెడల్‌కూ సాక్షిపట్టీ అతికించాలి. పెడల్ ఎప్పుడు కిందికి వెళ్లిందో, ఎప్పుడు పైకి వచ్చిందో అది దారినేతకు చెబుతుంది. పోయిన నెల ఒక ఉదయం, వారధి దాటాక, క్లచ్ పెడల్ పదకొండు సెకన్లు కిందే ఉండిపోయింది. ఇంజను లాగటం మానేసింది. వెనకే వస్తున్న సరుకుబండికి ఆగే వీలు లేకపోయింది.

పెడల్ కింద ఉందంటే దానిమీద పాదం ఉన్నట్టేనని దారినేత లెక్క. అంతసేపు పాదం తీయలేదంటే తీయదలచుకోలేదని. దినకర్ కావాలనే చనిపోయాడని తీర్పు రాసింది.

వామనరావు ఆ మాట నమ్మలేదు. సువార్త కూడా నమ్మలేదు గాని, ఆమెకు ఒక భయం ఉంది. తమ పెళ్లికి రాని ఈ మనిషి, ఆర్నెల్లు కొడుకుతో మాట్లాడని ఈ మనిషి, ఆ తీర్పును నిజం చేశాడేమోనని.

ఆమె వంగి పెడల్‌ను చేత్తో నొక్కింది. అది నేలదాకా వెళ్లి అక్కడే ఉండిపోయింది. చాలాసేపటికి బద్ధకంగా పైకి లేచింది.

"లోపం లేదు," అంది గోడమీది దోషదర్శిని. దారినేతకు షెడ్డులో కన్నూ నోరూ అదే. తనకు సంకేతాలు పంపే భాగాల్లోనే అది లోపం వెతుకుతుంది.

"స్ప్రింగు తెగి ఉంటుంది. నువ్వు చూసుకోలేదు," అన్నాడు వామనరావు.

సువార్త పెడల్‌నూ, క్లచ్‌కు నూనె తోసే మాస్టర్ సిలిండర్‌నూ కలిపే కడ్డీని విడదీసింది. ఈసారి నొక్కి వదిలితే పెడల్ టక్కున పైకి వచ్చింది.

"స్ప్రింగు బాగుంది. పట్టేస్తున్నది సిలిండర్ లోపల."

"అది వేసింది నువ్వేగా?"

"నేనే. అరవకండి, చెయ్యి వణుకుతుంది."

"వణికే చేత్తోనే వేసి ఉంటావు."

ఆమె సిలిండర్ విప్పింది. లోపలి రబ్బరు వాషర్ ఉబ్బి గోడలకు బిగుసుకుపోయింది. అలాంటిదే కొత్త వాషర్ తెచ్చి పక్కన పెట్టి చూసింది. తర్వాత ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చింది. క్లచ్‌కు పోయాల్సిన బ్రేక్ ఆయిల్ షెడ్డులోది రెండు చుక్కలు వేస్తే నీళ్లలో కలిసిపోయాయి. కారు క్లచ్ నూనె డబ్బాలోంచి తీసిన చుక్కలు పైన తేలాయి.

"ఇందులో సర్వతైలం కలిసింది," అంది నెమ్మదిగా. "లిఫ్టుకీ తలుపులకీ పోసేది. ఈ రబ్బరుకి తగిలితే నాలుగు రోజుల్లో ఉబ్బుతుంది. మా షెడ్డులో ఆ కుళాయే లేదు. ఎవరు పోశారు?"

ప్రతి ఇంటి గోడకూ సర్వతైలం కుళాయి ఉంది. ఏ యంత్రానికైనా అదే పోయాలని బడిలో రెండో తరగతిలోనే చెబుతారు.

"కొత్త ఆధారం నమోదు చేయబడింది," అంది దోషదర్శిని. "తైలం పోసిన వ్యక్తి పేరు లేనిదే తీర్పు సవరించబడదు."

వామనరావు గ్లాసు వంకే చూస్తున్నాడు. ప్రమాదానికి వారం ముందు దినకర్ తల్లిని చూడటానికి వచ్చాడు. ఆయన పలకరించలేదు. తల్లీకొడుకులు కాఫీ తాగుతుంటే వాకిట్లోకి వెళ్లి, కారు ముందు మూత ఎత్తి చూశాడు. ఒక డబ్బాలో నూనె వేలెడు తగ్గి ఉంది. కుళాయి నూనె తెచ్చి అంచుదాకా నింపాడు. మూత బిగించి, ఒలికినదాన్ని తన తువ్వాలుతో తుడిచాడు. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడూ చెప్పకపోతే, మరో గంటలో కొడుకు తనంతట తాను చచ్చినవాడిగా మిగిలిపోతాడు.

"వామనరావు," అన్నాడు. "తండ్రి."

"తీర్పు సవరించబడింది. మృతుడు కావాలని చేసినది కాదు. తైలం పోయటం సదుద్దేశంతో జరిగిన పొరపాటు. శిక్ష లేదు. మీరు వెళ్లవచ్చు."

ఆయన వెళ్లలేదు. గోడ ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాడు. అది మళ్లీ పలకలేదు.

"నువ్వు అను," అన్నాడు సువార్తతో. "నేను వచ్చీరాగానే అన్నావుగా. కొడుకుని చంపుకున్నారని అను."

సువార్త గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"అనను. అంటే మీకు తేలికవుతుంది," అని, పక్కనున్న మరో బండి కిందికి దూరింది.